చెవి అలయని స్పీకర్లు: బల్ల మీద పెట్టుకొనే చిన్న జతను ఎంచుకోవడం ఎలా?

కంప్యూటరు కొనేవారు తెర ఎంత పెద్దది, వేగం ఎంత, మెమరీ ఎంత అని పదిమందిని విచారిస్తారు. స్పీకర్ల మాట వచ్చేసరికి మాత్రం దుకాణదారు ఏది చేతికిస్తే అది పుచ్చుకొని ఇంటికి వస్తారు. పాట వినడానికే కదా, ఏదైతేనేమి అన్న భావమే దీనికి కారణం. సాయంకాలం ఒక అరగంట పాటలు విని కట్టివేసే రోజులలో ఇది పెద్ద పొరపాటు కాదు. ఇప్పుడు పరిస్థితి వేరు. పాఠాలు, శిక్షణ తరగతులు, సమావేశాలు, ఆకాశవాణి వార్తలు, పురాణ ప్రవచనాలు అన్నీ కంప్యూటరులోనే వింటున్నాము. ఉదయం నుండి రాత్రి వరకు మన ముఖానికి రెండడుగుల దూరంలో ఏదో ఒక గొంతు పలుకుతూనే ఉంటుంది. అరగంట వినడానికి పనికివచ్చే స్పీకరు వేరు, ఎనిమిది గంటలు వినడానికి పనికివచ్చే స్పీకరు వేరు. ఈ భేదాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ భేదాన్ని నాకు నేర్పినది ఒక ఉక్తలేఖనం. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు నేను తెలుగు పాఠాలను, ఉక్తలేఖన పదాలను నా గొంతుతోనే రికార్డు చేసి పిల్లలకు పంపేదానిని. మా అమ్మాయి అప్పుడు ఐదవ తరగతి. మా ఇంటి కంప్యూటరుకు ఉన్న స్పీకర్ల ద్వారా ఆ పదాలను విని వ్రాసేది. ఒకనాడు ఇరవై పదాలలో ఆరు తప్పులు వచ్చాయి. "శకలం" అన్నచోట "సకలం", "ఖరము" అన్నచోట "కరము", "ఫలము" అన్నచోట "పలము" వ్రాసింది. తెలుగు చెప్పే తల్లి కడుపున పుట్టి ఈ తప్పులేమిటని కోప్పడి, ఒక్కొక్క పదాన్ని పదేసి సార్లు వ్రాయించాను. మరునాడు అవే పదాలను నేను ఎదుట నిలబడి చెప్పగా ఒక్కటి మాత్రమే తప్పు పోయింది. అనుమానం కలిగి, ఆ పిల్ల కూర్చునే కుర్చీలో కూర్చొని, కాగితం చూడకుండా నా రికార్డునే విన్నాను. నేను పలికిన శ ఏదో, స ఏదో నాకే తెలియలేదు. తప్పు పిల్లది కాదు, పెట్టెది.

సరిహద్దు జిల్లాలలో ఉన్న మనకు ఇది చిన్న విషయం కాదు. కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలలోని మన పిల్లలు ఎందరికో ఇంట తెలుగు, బడిలో తమిళం. 2006 నాటి తమిళ అధ్యయన చట్టం ఒకటవ తరగతి నుండి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. రెండు భాషలు నేర్వడం మేలే. అయితే తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. కనుక ఆ లిపిలో చదువు మొదలుపెట్టిన పిల్లవాడు తెలుగులోని అల్పప్రాణ, మహాప్రాణ భేదాన్ని కంటితో కంటే ముందుగా చెవితోనే పట్టుకోవాలి. ఆ చెవికి చేరే ప్రామాణికమైన తెలుగులో నానాటికి హెచ్చు భాగం స్పీకరు నుండే వస్తున్నది. స్పీకరు అక్షరాన్ని మింగివేస్తే పిల్లవాడికి ఆ అక్షరం లేనట్టే.

వాట్ల లెక్క

స్పీకర్ల పెట్టె మీద అందరికంటే ముందు కనిపించే అంకె వాట్లు. పాత పెట్టెల మీద వందలు, వేలు అని అచ్చువేసి ఉండేది. మా ఇంటి జత మీద 1000 వాట్లు అని ఉన్నది. దాని పక్కన చిన్న అక్షరాలతో పి.ఎం.పి.ఓ. అన్న గుర్తు. ఒక క్షణంలో అతి చిన్న భాగం పాటు యంత్రం చిమ్మగలదని తయారీదారు చెప్పుకొనే గరిష్ఠ శక్తి అది. దానిని కొలవడానికి అందరూ అంగీకరించిన పద్ధతి ఏదీ లేదు. కనుక ఎవరికి తోచిన అంకె వారు వేసుకొనేవారు. నిరంతరంగా ఇవ్వగల శక్తిని చెప్పేది ఆర్.ఎం.ఎస్. అన్న గుర్తు గల అంకె. కొనేవారు చూడవలసినది దానినే.

అంకె నిజమో కాదో తేల్చుకొనే సులువైన ఉపాయం ఒకటి ఉన్నది. స్పీకర్లతో వచ్చే ఎడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు వ్రాసి ఉంటాయి. రెంటినీ గుణిస్తే ఆ ఎడాప్టరు అందించగల వాట్లు వస్తాయి. మా ఎడాప్టరు మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉన్నది. అంటే 18 వాట్లు. పద్దెనిమిది పుచ్చుకొని వేయి ఇచ్చే యంత్రం లోకంలో లేదు. అట్లే సాధారణ యు.ఎస్.బి. 2.0 రంధ్రం నుండి 5 వోల్టుల వద్ద అర ఆంపియరు, అనగా 2.5 వాట్లు మాత్రమే తీసుకొనే ఏర్పాటు ఉన్నది. దాని మీదనే ఆధారపడి పనిచేసే జత అంతకు మించిన శక్తిని నిరంతరంగా ఇవ్వజాలదు.

అయితే ఆ కొద్దిపాటి శక్తి చాలునా? చాలునని లెక్క చెబుతున్నది. ఒక వాటు శక్తికి మీటరు దూరంలో 80 డెసిబెళ్ల ధ్వని ఇచ్చే సాధారణమైన చిన్న స్పీకరును తీసుకుందాం. శక్తి పదవ వంతుకు తగ్గితే ధ్వని 10 డెసిబెళ్లు తగ్గుతుంది. కనుక వాటులో పదవ వంతుకు 70 డెసిబెళ్లు, నూరవ వంతుకు 60 డెసిబెళ్లు వస్తాయి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకొనే ధ్వని దాదాపు ఈ 60 డెసిబెళ్లే. మనము మీటరు కంటే దగ్గరగానే కూర్చుంటాము కనుక ఇంకా తక్కువ శక్తి సరిపోతుంది. మాటలో ఒక్కసారిగా హెచ్చే పలుకుల కొరకు పది రెట్లు అదనంగా ఉంచుకున్నా పదవ వంతు వాటు దాటదు. ఈ లెక్క ప్రకారం బల్ల మీద మాట వినడానికి రెండు మూడు వాట్లే సమృద్ధి. వాట్లు పెరిగినందువలన మాట స్పష్టత పెరగదు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. చెవికి అది స్వల్పమైన తేడాగానే తోస్తుంది.

అక్షరం ఎక్కడ ఉంటుంది?

ధ్వని కంపనాలను సెకనుకు ఇన్ని అని హెర్ట్జ్‌లలో లెక్కిస్తారు. ఆరోగ్యవంతుడైన యువకుని చెవి 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. వయసుతో పైహద్దు తగ్గుతూ వస్తుంది. మగవారి కంఠనాదం సుమారు 100 హెర్ట్జ్‌ల ప్రాంతంలో, ఆడవారి కంఠనాదం సుమారు 200 హెర్ట్జ్‌ల ప్రాంతంలో మొదలవుతుంది. అచ్చుల గుణాన్ని నిర్ణయించే అంశాలు ప్రధానంగా 300 నుండి 3,000 హెర్ట్జ్‌ల నడుమ ఉంటాయి. హల్లుల విషయం వేరు. స అనే ఊష్మాక్షరం యొక్క బలం 4,000 హెర్ట్జ్‌లకు పైన, 8,000 వరకు విస్తరించి ఉంటుంది. శ, ష ల బలం అంతకంటే కొంత క్రింద మొదలవుతుంది. ఖ, ఫ వంటి మహాప్రాణాలలో ఒత్తు వెనుక వినిపించే ఊపిరి కూడా సన్నని గాలి చప్పుడే.

దీనికి మనందరి అనుభవంలో ఉన్న ఉదాహరణ పాత టెలిఫోను. అది 300 నుండి 3,400 హెర్ట్జ్‌ల వరకు మాత్రమే చేరవేసేది. అందువలననే కొత్త పేరు ఫోనులో చెబితే అది స యో ఫ యో తేలక, "సీత లోని సీ నా?" అని మళ్లీ అడిగేవారము. మాట అర్థమయ్యేది, అక్షరం అందేది కాదు. పెద్దవారికి భాష ముందే తెలుసు కనుక సందర్భాన్ని బట్టి పూరించుకుంటారు. నేర్చుకొనే పిల్లవాడు దేనితో పూరించుకోగలడు?

స్వరశాస్త్రంలో మంద్ర, మధ్యమ, తార స్థాయులని మూడు చెబుతాము. దుకాణంలో వీటిలో మంద్రాన్ని బేస్ అనీ, తారను ట్రెబుల్ అనీ అంటారు. మాట యొక్క బరువు మంద్రంలో, అచ్చులు మధ్యమంలో, హల్లుల అంచులు తారలో ఉంటాయని స్థూలంగా గ్రహించవచ్చు. ఇక్కడ చెవి స్వభావం ఒకటి తెలుసుకోవాలి. బలమైన మంద్రధ్వని తనకు పైన ఉన్న సన్నని ధ్వనులను కప్పివేస్తుంది. సన్నని ధ్వని మంద్రాన్ని అంతగా కప్పలేదు. వెగెల్, లేన్ అనే శాస్త్రజ్ఞులు 1924లోనే దీనిని పరిశోధించి చూపారు. మా ఇంటి సెట్టులో బల్ల క్రింద ఒక పెద్ద బేస్ పెట్టె ఉండేది. అది గుమ్ము గుమ్మని మ్రోగుతూ శ, స ల భేదాన్ని కప్పివేసింది. సినిమా పాటకు అది హుషారు. ఉక్తలేఖనానికి అది శత్రువు.

చెవి అలసటకు నాలుగు కారణాలు

మొదటిది ఈ గుమ్ము. మాట మబ్బుగా వినిపిస్తే మెదడు ప్రతి పదాన్ని ఊహించి నింపుకోవలసి వస్తుంది. గంటల తరబడి ఈ పని జరిగితే, చేసిన శ్రమ ఏదీ కనిపించకపోయినా తల బరువెక్కుతుంది.

రెండవది దీనికి విరుద్ధమైన కీచుదనం. మన చెవి నాళం నిర్మాణం వలన 2,000 నుండి 5,000 హెర్ట్జ్‌ల ధ్వనులు మనకు మిగిలినవాటి కంటే తీవ్రంగా తోస్తాయి. ఆ భాగాన్ని హెచ్చించి తయారుచేసిన స్పీకరు దుకాణంలో మహా స్పష్టంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంటికి వచ్చాక స కారం పలికినప్పుడల్లా సూదితో గుచ్చినట్లుంటుంది.

మూడవది స్పీకరు తనంతట తాను చేసే చప్పుడు. ఏమీ వినిపించనప్పుడు కూడా కొన్ని జతలు సన్నగా బుస కొడుతూ ఉంటాయి. కొన్ని హుమ్మని మూలుగుతాయి. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్‌ల వేగంతో దిశ మారుతుంది. కనుక ఈ మూలుగు 50 లేదా 100 హెర్ట్జ్‌ల వద్ద ఉంటుంది. ఐదు నిమిషాలకు మనము దానిని గమనించడం మానివేస్తాము గాని, ఆ చప్పుడు మాత్రం మాట వెనుక మ్రోగుతూనే ఉంటుంది.

నాలుగవది హెచ్చు వాల్యూము. గదిలో ఫ్యాను, వీధిలో వాహనాలు, వంటింట్లో మిక్సీ. వీటిని మించి వినబడాలని మనము గుబ్బ తిప్పుతాము. పిల్లలకు మాట స్పష్టంగా అందాలంటే అది చుట్టుపక్కల సద్దు కంటే 15 డెసిబెళ్లు హెచ్చుగా ఉండడం మేలని తరగతి గదుల ధ్వనిని గురించి పరిశోధించినవారు చెబుతారు. ఈ అంతరాన్ని రెండు విధాలుగా సాధించవచ్చు. మాటను పెంచడం ఒకటి, సద్దును తగ్గించడం రెండవది. రెండవదే చెవికి క్షేమకరం. కిటికీ తలుపు వేయడం, ఫ్యాను ఒక మెట్టు తగ్గించడం, స్పీకరును దగ్గరకు జరుపుకోవడం ఖర్చు లేని పనులు. ఆరుబయట దూరం సగమైతే ధ్వని 6 డెసిబెళ్లు పెరుగుతుంది. గదిలో కొంత తక్కువైనా లాభమే.

ఏమి చూసి కొనాలి?

ఒకటి, రెండు సమానమైన చిన్న పెట్టెలు గల జతను ఎంచుకోండి. విడిగా బేస్ పెట్టె ఉన్న సెట్టు మాట వినడానికి అవసరం లేదు. అది ఉన్నా, దాని బలాన్ని పూర్తిగా తగ్గించగల గుబ్బ ఉండాలి.

రెండు, లోపలి శంకువు రెండు నుండి మూడు అంగుళాలు ఉంటే బల్ల మీద వినడానికి చాలును. నాలుగు అంగుళాలైతే మగగొంతు మరింత నిండుగా ఉంటుంది గాని చోటు హెచ్చు కావాలి. పెద్ద శంకువు తారధ్వనులను పక్కలకు పంచలేదు. కనుక మూడు అంగుళాలు దాటిన పెట్టెలో సన్నని ధ్వనుల కొరకు వేరే చిన్న ట్వీటరు ఉండడం మంచిది.

మూడు, వాల్యూము గుబ్బ ముందువైపు, చేతికి అందేటట్లు ఉండాలి. దినమంతా వినేవారు ఒక గొంతు నుండి మరొక గొంతుకు మారినప్పుడల్లా సవరించుకోవలసి ఉంటుంది. గుబ్బ వెనుకవైపు ఉంటే ఎవరూ సవరించరు, హెచ్చు ధ్వనినే భరిస్తారు. గుబ్బను బాగా తగ్గించినప్పుడు రెండు వైపులా ధ్వని సమానంగా ఉన్నదా అని కూడా చూడండి. చౌక గుబ్బలలో తక్కువ వాల్యూము వద్ద ఒక వైపు మూగబోతుంది. మనము దినమంతా వినేది ఆ తక్కువ వాల్యూము వద్దనే.

నాలుగు, తీగతో కలిపే సౌకర్యం తప్పక ఉండాలి. బ్లూటూత్ సౌకర్యమైనదే గాని, దానిలో మాట కొంత ఆలస్యంగా వస్తుంది. ప్రత్యక్ష తరగతులలో పెదవి కదలికకు మాటకు పొత్తు తప్పవచ్చు. అంతకంటే ముఖ్యమైన లోపం మరొకటి. కొన్ని స్పీకర్లు నిశ్శబ్దం రాగానే విద్యుత్తు పొదుపు కొరకు నిద్రలోకి పోతాయి. మళ్లీ మాట వచ్చినప్పుడు మేల్కొనేలోగా మొదటి అక్షరం ఎగిరిపోతుంది. ఉక్తలేఖనంలో పదానికి పదానికి నడుమ విరామం ఇస్తాము. అటువంటి స్పీకరులో "ప్రకాశం" కాస్తా "కాశం" అవుతుంది.

ఐదు, ఎడాప్టరు మీద భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు ఉన్నదో లేదో చూడండి. దినమంతా ప్లగ్గులో ఉండే వస్తువు విషయంలో ఈ జాగ్రత్త అవసరం.

ఉదాహరణకు కొన్నింటిని చెబుతాను, ఇది ప్రచారం కాదు. లాజిటెక్ వారి జెడ్ 120 అన్న జత శక్తి 1.2 వాట్లు మాత్రమే. పేరు గల సంస్థ కూడా చిన్న అంకెను దాచక వేసిందనడానికి ఇది నిదర్శనం. క్రియేటివ్ వారి పెబుల్ జతలో శంకువులను 45 డిగ్రీల కోణంలో పైకి తిప్పి అమర్చారు. ధ్వని బల్లకు కాక ముఖానికి తగలాలన్నది దాని ఉద్దేశం. ఆడియో ఇంజన్ వారి ఎ2 జతలో 2.75 అంగుళాల శంకువుతో పాటు వేరే ట్వీటరు ఉన్నది. ఈ మూడూ మూడు తరగతులకు చెందినవి. మీరు చూసే జత వీటిలో ఏ తరగతికి దగ్గరగా ఉన్నదో గమనిస్తే బేరం సులువవుతుంది.

దుకాణంలో పరీక్ష

దుకాణదారు సాధారణంగా ఢమఢమలాడే పాటను వేసి చూపుతాడు. పాట వలన స్పీకరు లోపం బయటపడదు. ఆ పాట అసలు ఎట్లా ఉండాలో మనకు తెలియదు కదా. మీకు బాగా తెలిసిన మనిషి గొంతును వెంట తీసుకువెళ్లండి. ఫోనులో ఇంట్లోవారి చేత ఈ పదాల జతలను చదివించి రికార్డు చేయండి: శకలం, సకలం, కరము, ఖరము, పలము, ఫలము, కల, కళ, శంకరం, సంకరం. వరుస మార్చి చదివించి, ఆ వరుసను ఒక కాగితం మీద వ్రాసుకొని జేబులో ఉంచుకోండి. దుకాణంలో కాగితం చూడకుండా విని, విన్నది వ్రాసి, పిమ్మట పోల్చుకోండి. పిల్లవాడిని వెంట తీసుకువెళ్లి అతని చేత వ్రాయిస్తే మరింత మంచిది. వినవలసినది అతడే.

రెండు జతలను పోల్చేటప్పుడు రెంటి ధ్వనిని సమానంగా ఉంచండి. కొంచెం గట్టిగా మ్రోగేది బాగున్నట్టు తోచడం మానవ చెవి సహజ దౌర్బల్యం. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ధ్వని తగ్గే కొద్దీ మంద్రం మరింత తగ్గినట్టు వినిపిస్తుంది. ధ్వని పెంచగానే నిండుగా ఉన్నట్టు అనిపించడానికి ఒక కారణం ఇదే. కనుక ఇంట్లో ఎంత ధ్వనితో వింటారో అంత ధ్వనితోనే దుకాణంలోనూ వినండి.

తరువాత పాట ఆపి, గుబ్బను సగానికి పైగా తిప్పి, రెండడుగుల దూరంలో కూర్చొని నిశ్శబ్దాన్ని వినండి. బుస వినిపిస్తే ఆ జత వద్దు. చివరగా ఒకే గొంతును పది నిమిషాలు ఎడతెగకుండా వినండి. దుకాణదారు విసుగుకొనవచ్చు. పదవ నిమిషంలో గుబ్బ తగ్గించాలని మీ చెయ్యి దానంతట అది ముందుకు పోతే, ఆ స్పీకరులో కీచుదనం ఉన్నదని గ్రహించండి.

ఇంట అమర్చే విధానం

మంచి జతను కూడా చెడు చోట పెడితే చెడ్డగానే పలుకుతుంది. మంద్రధ్వని లాంతరు వెలుగు వలె నలుదిక్కులా వ్యాపిస్తుంది. తారధ్వని టార్చిలైటు వెలుగు వలె ఎదురుగా పోతుంది. కనుక స్పీకరు ముఖం మీ చెవుల వైపు తిరిగి ఉండాలి. బల్ల మీద చదునుగా పెడితే ఆ వెలుగు మీ ఛాతీకి తగులుతుంది. అంతేకాక బల్లకు తగిలి వచ్చే ధ్వని నేరుగా వచ్చే ధ్వనితో కలసి కొన్ని స్థాయులను చెరిపివేస్తుంది. రెండు లావుపాటి పుస్తకాలో చిన్న పీటలో క్రింద పెట్టి పైకి లేపండి. లేదా ముందువైపు క్రింద ఒక రబ్బరు ముక్క పెట్టి కొద్దిగా వెనుకకు వాల్చండి.

రెండు స్పీకర్ల నడుమ దూరం, వాటి నుండి మీ తలకు గల దూరం సమానంగా ఉంటే మాట సరిగా నడుమ నుండి, తెర మీది మనిషి నోటి నుండి వస్తున్నట్టుంటుంది. రెండడుగులు అనుకూలమైన దూరం. పెట్టె వెనుక రంధ్రం ఉంటే గోడకు కనీసం ఒక జానెడు ముందుకు జరపండి. గోడకు, మూలకు ఆనిస్తే గుమ్ము పెరుగుతుంది. స్పీకర్లకు తీగలను విడిగా బిగించే జత అయితే ఎరుపును ఎరుపుకు, నలుపును నలుపుకు కలిపినదీ లేనిదీ సరిచూడండి. ఒక వైపు తారుమారైతే మాట నడుమ నిలువక పలుచనవుతుంది.

మూలుగు వినిపిస్తే ల్యాప్‌టాప్ చార్జరును ఒకసారి తీసి చూడండి. మూలుగు ఆగితే లోపం స్పీకరుది కాదు, విద్యుత్తు ఏర్పాటుది. రెంటినీ ఒకే స్విచ్ బోర్డు నుండి, సరియైన ఎర్తు గల ప్లగ్గు నుండి నడపండి. మూలుగు పోవడం కొరకు ఎర్తు పిన్నును విరిచివేసేవారు కొందరున్నారు. అది ప్రాణాపాయం. ఎన్నటికీ చేయరాదు.

కొత్తది కొనే స్తోమత లేకపోతే ఉన్నదానితోనే కొంత మేలు పొందవచ్చు. బేస్ గుబ్బను పూర్తిగా తగ్గించండి, బేస్ పెట్టెను మూలలో నుండి ఇవతలకు లాగండి, స్పీకర్లను పైకి లేపి దగ్గరకు జరపండి. మేము మొదట చేసినది ఇదే. తప్పులు ఆరు నుండి మూడుకు తగ్గాయి. మిగిలిన మూడింటి కొరకే కొత్త జత కొన్నాము.

ఎంత గట్టిగా, ఎంత సేపు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలసి 2019లో వ్యక్తిగత శ్రవణ సాధనాల కొరకు ఒక ప్రమాణాన్ని ప్రకటించాయి. దాని ప్రకారం పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెళ్లు, పిల్లలకు అంతే కాలం 75 డెసిబెళ్లు హద్దు. 3 డెసిబెళ్లు పెరిగితే వినదగిన కాలం సగమవుతుంది. అనగా పెద్దలకు 83 డెసిబెళ్ల వద్ద 20 గంటలే. ఇది ప్రధానంగా చెవిలో పెట్టుకొనే సాధనాలను ఉద్దేశించినదైనా, చెవికి చేరే ధ్వని ఎక్కడ నుండి వచ్చినా ధ్వనే. బల్ల మీది స్పీకరును 60, 65 డెసిబెళ్ల వద్ద వినేవారు ఈ హద్దుకు చాలా దిగువనే ఉంటారు. చెవిలో దూర్చుకొనే వాటి కంటే స్పీకరు మేలనడానికి మరొక కారణం కూడా ఉన్నది. చెవి మూసుకుపోదు, చెమట పట్టదు, అమ్మ పిలిస్తే వినిపిస్తుంది.

కొలిచే యంత్రం లేనివారికి ఒక గుర్తు. స్పీకరు పలుకుతుండగా పక్కన కూర్చున్నవారితో మామూలు గొంతుతో మాట్లాడి చూడండి. గొంతు హెచ్చించవలసి వస్తే ధ్వని హెచ్చినట్టే. గంటకు ఒకసారి పది నిమిషాలు ఆపివేయడం మంచి అలవాటు. బడిలో గంటకు గంటకు నడుమ విరామం ఉన్నట్లే చెవికీ విరామం కావాలి.

ఈ వివరాలన్నీ ఒక్క మాటలో చెప్పాలంటే, దినమంతా వినే స్పీకరు గొప్పదనం అది ఎంత గట్టిగా మ్రోగుతుందన్న దానిలో లేదు, ఎంత మెల్లగా పలికినా అక్షరం అందుతుందా అన్న దానిలో ఉన్నది. కొత్త జత ఇంటికి వచ్చిన నాడు మా అమ్మాయి చేత అదే ఉక్తలేఖనాన్ని మళ్లీ వ్రాయించాను. ఒక్కటే తప్పు వచ్చింది, అది నేను ఎదుట నిలబడి చెప్పినప్పుడు కూడా వచ్చిన తప్పే. ఆ ఒక్కటీ నేర్పవలసినది నేను. మిగిలిన ఐదింటి కొరకు పదేసి సార్లు వ్రాయించిన ఆ పుటను మాత్రం నేటికీ దాచి ఉంచాను. తరగతిలో ఎవరైనా పిల్లవాడు తప్పు వ్రాసినప్పుడు, ముందుగా ఆ మాట అతనికి సరిగా వినిపించిందా అని అడగడం అప్పటి నుండి అలవాటు చేసుకున్నాను.